ఒకటే నిప్పు, మూడు కాయితాలు: కాలిన దళితవాడకు నష్టపరిహారం దక్కే దారులు

ఎండాకాలం వచ్చిందంటే జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా ఉంటుంది. ఫలానా ఊరి ఎస్సీ కాలనీలో ఇన్ని ఇళ్ళు దగ్ధం, ఇన్ని లక్షల ఆస్తినష్టం, తహశీల్దారు పరిశీలన, బాధితులకు బియ్యం పంపిణీ. రెండోరోజుకి ఆ వార్త పోతుంది. మూడో నెలకి అదే బూడిద మీద మళ్ళీ తాటాకు కప్పు లేస్తుంది. ఈలోపల ఆ కుటుంబానికి చట్టప్రకారం ఏం రావాలి, ఎంత వచ్చింది, మిగతాది ఎక్కడ ఆగింది అన్న లెక్క ఎవరూ తియ్యరు. ఈ వ్యాసం ఆ లెక్క కోసం.

నిప్పుకి కులం లేదంటారు. నిజమే, నిప్పుకి లేదు. కానీ తాటాకు కప్పుకి ఉంది. గోడకి గోడ ఆనించి కట్టుకోవాల్సిన ఇరుకుకి ఉంది. ఊరి చివర, కాలువ గట్టున, చెరువు పోరంబోకులో, అడవి అంచున దొరికిన జాగాకి ఉంది. ఫైరింజను తిరగలేని సందుకి ఉంది. అందువల్ల నిప్పు ఎక్కడ పుట్టినా ఎక్కువ కాలేది ఎవరి ఇల్లో ముందే తేలిపోయి ఉంటుంది. ఇదంతా మనకు తెలిసిందే. మనం పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఇల్లు కాలిన తర్వాత కూడా కులం పని చేస్తూనే ఉంటుంది. ఈసారి కాయితం మీద.

నిప్పు ఎట్లా పుట్టిందని మొదటి కాయితంలో రాస్తారో దాన్ని బట్టి మూడు వేర్వేరు చట్టాలు కదులుతాయి. 'ప్రమాదం' అని రాస్తే విపత్తు సహాయం. ఒక సంస్థ నిర్వహణలో ఉన్న తీగ వల్లనో యంత్రం వల్లనో అని తేలితే నష్టపరిహారం. 'తగలబెట్టారు' అని రాస్తే, తగలబెట్టినవాళ్ళు దళితేతరులైతే, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. కాలింది అదే ఇల్లు, కానీ ఒక దారిలో చేతికి ఎనిమిది వేలు వస్తే ఇంకో దారిలో ప్రభుత్వ ఖర్చుతో పక్కా ఇల్లు వస్తుంది. ఏ దారి అన్నది చాలాసార్లు మొదటి రెండు రోజుల్లోనే, బాధితులు ఇంకా బూడిదలో గిన్నెలు వెతుక్కుంటున్నప్పుడే నిర్ణయమైపోతుంది.

మాటల తేడా ముందుగా

అధికారులు వాడే మాటల్ని వేరుచేసి చూడాలి. 'ఎక్స్‌గ్రేషియా' అంటే దయతో ఇచ్చేది. ఇవ్వకపోతే అడిగే హక్కు పుట్టదని ఆ మాట చెబుతుంది. 'సహాయం' అంటే తక్షణం నిలబడటానికి ఇచ్చేది. పోయినదానికి సమానంగా ఉండాలన్న నియమం దీనికి లేదు. 'నష్టపరిహారం' అంటే పోయినదాన్ని లెక్కగట్టి, బాధ్యుడి చేత కట్టించేది. 'పునరావాసం' అంటే మళ్ళీ బతుకు నిలబెట్టేది. బియ్యం బస్తా ఇచ్చి ఫొటో తీయించుకునే నాయకుడు ఈ నాలుగింటినీ ఒక్క మాటలో కలిపేస్తాడు. అడిగేవాళ్ళు కలపకూడదు.

మొదటి దారి: ప్రమాదం

విపత్తుల నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. దాని కింద ప్రతి రాష్ట్రానికీ విపత్తు సహాయ నిధి ఉంది. ఆ నిధి నుంచి సహాయం ఇవ్వదగిన విపత్తుల జాబితాలో తుఫాను, వరద, కరువులతో పాటు అగ్నిప్రమాదం కూడా ఉంది. దేనికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోంశాఖ కొన్నేళ్ళకొకసారి ప్రకటిస్తుంది. 2022–26 కాలానికి ఇచ్చిన రేట్లు ఇవి: మనిషి చనిపోతే 4 లక్షల రూపాయలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000. బట్టలకు కుటుంబానికి 2,500, వంటసామానుకు మరో 2,500. పాడి గేదెకో ఆవుకో 37,500, ఎద్దుకు 32,000, మేకకో గొర్రెకో 4,000. పశువుల కొట్టానికి 3,000.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంటికి 1,20,000 అన్నది పక్కా ఇంటికే కాదు, కచ్చా ఇంటికి కూడా. కానీ అదే పట్టికలో 'గుడిసె' అని వేరే వరస ఉంది. దానికి ఇచ్చేది 8,000. గుడిసె అంటే ఏమిటో కూడా ఆ పట్టిక చెబుతుంది: కచ్చా ఇంటికంటే తక్కువది, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో తాత్కాలికంగా వేసుకున్నది, అధికారులు గుడిసెగా గుర్తించేది. మరి మట్టిగోడలు ఎత్తి, దూలం వేసి, తలుపు బిగించి, తాటాకు కప్పి ముప్పై ఏళ్ళుగా కాపురం ఉంటున్నది గుడిసెనా, కచ్చా ఇల్లా? వాడుక మాటలో మనమూ గుడిసె అనే అంటాం. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కూడా అదే రాసుకుంటాడు. ఆ ఒక్క మాటతో లక్షా పన్నెండు వేలు పోతాయి. గోడలుంటే, తలుపుంటే, ఇంటినెంబరుంటే, కరెంటు మీటరుంటే అది కచ్చా ఇల్లు అని పంచనామాలో రాయించాలి. రాయకపోతే అభ్యంతరం కాయితం మీద పెట్టాలి.

ఇంకో చిక్కు, ఇల్లు 'అనుమతి ఉన్న కట్టడం' అయి ఉండాలన్న షరతు. పట్టా లేని జాగాలో ఉన్న మాలపల్లెకి, మాదిగగూడేనికి ఇది పెద్ద అడ్డం. భూమి ఇవ్వని ప్రభుత్వమే, ఇవ్వని భూమి మీద ఇల్లు కట్టావని సహాయం కోత పెడుతుంది. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు జాబితాలో ఆ ఇంటి నెంబరు, గతంలో ప్రభుత్వం ఆ ఇంటికి ఇచ్చిన ఏ సాయమైనా ఇక్కడ అక్కరకొస్తాయి. ఇంట్లో కాయితాలు కాలిపోయినా వీటి నకళ్ళు పంచాయతీలో, విద్యుత్ సంస్థలో, మండలాఫీసులో ఉంటాయి. కాలిపోయిన కాయితాలకు నకళ్ళు ఇమ్మని ఊరంతటి తరఫున ఒకే దరఖాస్తు పెట్టడం మొదటి పని.

రెండో దారి: తీగ నుంచి రాలిన నిప్పు

'షార్ట్ సర్క్యూట్' అనే మాట మన దగ్గర కారణం చెప్పే మాటగా కాక, విచారణ ముగించే మాటగా మారింది. షార్ట్ సర్క్యూట్ ఎక్కడ జరిగింది? ఇంట్లోని తీగలోనా, వాడ మీదుగా వేలాడుతున్న సంస్థ తీగలోనా, ట్రాన్స్‌ఫార్మర్‌లోనా? ఇంటి బయట అయితే అది దేవుడి లెక్క కాదు, విద్యుత్ సంస్థ లెక్క.

ఈ విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా అనుభవం తెలుసుకోదగ్గది. 2018 నవంబరు 8న అక్కడ ఒక హైటెన్షన్ టవరు మీద అరిగిపోయిన కొక్కెం తెగి, తీగ జారి, అడవి అంటుకుంది. పారడైజ్ అనే ఊరు దాదాపు మొత్తం బూడిదైంది. 85 మంది చనిపోయారు. ఆ తీగ పి.జి. అండ్ ఇ. అనే ప్రైవేటు విద్యుత్ కంపెనీది. ప్రజావసరం కోసం నడిపే వ్యవస్థ వల్ల ఒకరి ఆస్తి పోతే, నిర్లక్ష్యం రుజువు చెయ్యకపోయినా పరిహారం ఇవ్వాలన్నది ఆ రాష్ట్ర రాజ్యాంగం నుంచి అక్కడి కోర్టులు తీసిన సూత్రం. అందరి మేలు కోసం నడిచే పనికి అయ్యే నష్టం ఒక్కడి నెత్తిన పడకూడదన్నది దాని తర్కం. 2019 జనవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2020లో 84 మంది చావులకు నేరం ఒప్పుకుంది. బాధితుల కోసం 1,350 కోట్ల డాలర్ల నిధి అన్నారు. కానీ అందులో సగం నగదు కాదు, అదే కంపెనీ షేర్లు. ఇల్లు తగలబెట్టిన కంపెనీ షేరు ధర పెరిగితేనే ఇల్లు కాలినవాడికి నిండా పరిహారం వచ్చే పరిస్థితి. సూత్రం ఎంత మంచిదైనా, డబ్బు ఏ రూపంలో, ఎప్పుడు, ఎవరి తర్వాత వస్తుందన్నది కూడా పోరాట విషయమేనని ఇది చెబుతుంది.

మన దగ్గర కూడా ఆ సూత్రానికి దగ్గరిది ఉంది. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డుకీ శైలకుమారికీ మధ్య నడిచిన కేసులో 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాత్రి సైకిల్ మీద ఇంటికి వస్తున్న మనిషి రోడ్డు మీద పడి ఉన్న కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగ కరెంటు లాక్కున్నందువల్ల ఆ తీగ పడిందనీ, తమ తప్పు లేదనీ బోర్డు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన వస్తువును నడిపేవాడు, దానివల్ల జరిగిన హానికి తన నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా బాధ్యుడేనని, దొంగతనాన్ని ఆపాల్సిన బాధ్యత కూడా బోర్డుదేనని చెప్పింది. ఇది చావు కేసు అయినా, సూత్రం ఇళ్ళకూ వర్తింపజేయమని అడగవచ్చు. వాడలో ఎవరో కొక్కెం వేశారు కాబట్టి పరిహారం లేదు అనే మాట విన్నప్పుడు ఈ తీర్పు చూపించాలి. కొక్కెం వేసింది పరిహారం అడుగుతున్నవాడే అయితే మాత్రం వాదన బలహీనపడుతుంది. ఆ సంగతి కూడా తెలిసి ఉండాలి.

విద్యుత్ చట్టం 2003లో 161వ సెక్షన్ ఉంది. విద్యుత్ ప్రమాదాల మీద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు చేత విచారణ జరిపించే అధికారం ప్రభుత్వానికి అది ఇస్తుంది. ఆ విచారణ కోరుతూ లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. కాలిన తీగ ముక్కని, మీటరుని సంస్థ సిబ్బంది వచ్చి 'రిపేరు' పేరుతో తీసుకుపోకముందే ఫొటోలు తీయాలి. తీగలు వేలాడుతున్నాయని అంతకుముందు పంచాయతీకో లైన్‌మన్‌కో పెట్టుకున్న అర్జీ నకలు ఒక్కటి దొరికితే సగం కేసు గెలిచినట్టే.

అడవి నిప్పుకీ ఇదే దారి పాక్షికంగా వర్తిస్తుంది. అడవి అంటుకుంటే ముందు అనుమానం ఆదివాసి మీద, పశువులు కాసేవాడి మీద పడుతుంది. మంటలార్పడానికి పంపేదీ వాళ్ళనే. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయి అటవీ సిబ్బంది కాలి చనిపోయారు. వాళ్ళలో దినకూలీ కూడా ఉన్నాడు. ఇట్లా కూలికి వెళ్ళి చనిపోయినా, కాలినా పనిలో జరిగిన హానికి పరిహారం ఇప్పించే కార్మిక చట్టం కింద అడగవచ్చు. మస్టరు లేదు, నియామక కాయితం లేదు అన్నది చివరి మాట కాదు. ఎవరు పిలిచారు, ఎవరు కూలి ఇచ్చారు అన్నది సాక్ష్యంతో రుజువు చెయ్యొచ్చు.

మూడో దారి: పెట్టిన నిప్పు

1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని ఒక గుడిసెలో కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. కింది కోర్టు వేసిన శిక్షలను మద్రాసు హైకోర్టు కొట్టేసింది. అంత ఆస్తిపరులైన భూస్వాములు తామే స్వయంగా వెళ్ళి ఇళ్ళు తగలబెట్టి ఉంటారంటే నమ్మలేకపోయింది. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. ఈ రెండింటి మధ్యే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1995లో దాని నిబంధనలు వచ్చాయి. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. శవాల మీదుగా, శిబిరాల మీదుగా వచ్చినవి.

చట్టంలో నిప్పు గురించే రెండు క్లాజులు ఉన్నాయి. 3(2)(iii): ఎస్సీ, ఎస్టీల ఆస్తికి నష్టం కలిగించాలని నిప్పు పెడితే ఆరు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలు. 3(2)(iv): వాళ్ళు నివసించే ఇంటిని, ప్రార్థనా స్థలాన్ని, ఆస్తి దాచుకునే చోటుని నాశనం చెయ్యాలని నిప్పు పెడితే యావజ్జీవం. కులం పేరుతో తిట్టారా, నలుగురి ముందు తిట్టారా అన్న ప్రశ్న ఈ క్లాజుల్లో లేదు. ఫిర్యాదులో తిట్టు లేదని అట్రాసిటీ సెక్షన్లు పెట్టకపోతే అది తప్పు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. అందులో నిప్పు పెట్టిన నేరాలు 326వ సెక్షన్‌లో ఉన్నాయి. అది ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే శిక్ష సంగతి అట్లా ఉంచి, పరిహారం దారే మూసుకుపోతుంది. ఎందుకంటే ఇల్లు కట్టించే బాధ్యత అట్రాసిటీ నిబంధనల నుంచి వస్తుంది.

ఆ బాధ్యత ఏమిటో వివరంగా చూద్దాం. నిబంధనలలో 12వది ముఖ్యం. జిల్లా కలెక్టరు, ఎస్పీ ఇద్దరూ ఘటనా స్థలానికి వెళ్ళాలి, నష్టం అంచనా వెయ్యాలి, బాధిత కుటుంబాల జాబితా తయారుచెయ్యాలి. తిండి, నీళ్ళు, బట్టలు, నీడ, వైద్యం వంటి తక్షణ సహాయం ఏడు రోజుల్లో అందాలి. నిబంధనలకు జోడించిన పట్టిక ప్రకారం కాలిపోయిన, పూర్తిగా ధ్వంసమైన ఇంటికి బదులు ఇటుకతోనో రాయితోనో ప్రభుత్వ ఖర్చుతో ఇల్లు కట్టించాలి. కాలింది తాటాకు ఇల్లైనా సరే, కట్టించాల్సింది ఇటుక ఇల్లే. గుడిసె, కచ్చా ఇల్లు అన్న తేడా ఇక్కడ లేదు. అనుమతి ఉన్న కట్టడం అన్న షరతూ ఇక్కడ లేదు. మనిషి చనిపోతే 2016 సవరణ తర్వాత కుటుంబానికి 8,25,000 రూపాయలు. దానిపైన నెలకు 5,000 మూల పింఛను, కరువుభత్యం, పిల్లలకు డిగ్రీ దాకా చదువు ఖర్చు.

ఇదే నిబంధనలో ఇంకో రెండు మాటలున్నాయి, కార్యకర్తలు కంఠతా పట్టాల్సినవి. ఒకటి, ఈ సహాయం వేరే ఏ చట్టం కింద పరిహారం అడిగే హక్కునైనా పోగొట్టదు, దానికి అదనం. రెండు, సహాయం అందలేదని గానీ చాలలేదని గానీ తోస్తే ప్రత్యేక కోర్టు చెల్లించమని ఆదేశించవచ్చు. అంటే కలెక్టరు గుమ్మం దగ్గరే ఆగిపోనక్కర్లేదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఏం జరుగుతుందో చూశాం. 2010 ఏప్రిల్ 21న హర్యానాలోని మిర్చ్‌పూర్‌లో వాల్మీకుల ఇళ్ళు తగలబెట్టారు. నడవలేని కూతురు, ఆమె ముసలి తండ్రి కాలి చనిపోయారు. వందలాది కుటుంబాలు ఊరు వదిలాయి. కేసు ఢిల్లీకి మారింది. కింది కోర్టు చాలామందిని వదిలేసింది. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఇంకో ఇరవైమందిని కూడా దోషులుగా తేల్చి, వెళ్ళగొట్టబడిన కుటుంబాలకు పునరావాసం కల్పించమని హర్యానా ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఎనిమిదేళ్ళు పట్టింది. 2012 నవంబరు 7న తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ఒక కులాంతర పెళ్ళి సాకుగా మూడు దళిత కాలనీల్లో 250కి పైగా ఇళ్ళు తగలబెట్టారు. ఆ ఇళ్ళలో చాలావరకు బెంగుళూరు లాంటి నగరాలకు వలసపోయి సంపాదించిన డబ్బుతో కట్టుకున్నవి. కాల్చింది కప్పుల్ని కాదు, ఎదుగుదలని. టీవీ, బీరువా, బండి, పిల్లల సర్టిఫికెట్లు ఇటుక గోడల లెక్కలోకి రావు. అందుకే సామాను జాబితా ప్రతి ఇంటికీ విడివిడిగా రాయించాలి.

ఇలాంటి చోట్ల రెండు వాదనలు ప్రతిసారీ లేస్తాయి. 'రెండు వర్గాల గొడవ' అన్నది ఒకటి. 'పరిహారం కోసం వాళ్ళే తగలబెట్టుకున్నారు' అన్నది రెండోది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదాన్ని, వస్తుందో రాదో తెలియని చెక్కు కోసం ఎవరు కాల్చుకుంటారని ఈ మాట అనేవాళ్ళని ఎవరూ అడగరు.

క్రైస్తవం తీసుకున్న దళితుల సంగతి కూడా చెప్పుకోవాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఆ హోదా ఇస్తుంది. క్రైస్తవంలోకి మారినవాళ్ళు అట్రాసిటీ చట్టాన్ని వాడుకోలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. నిప్పు పెట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగడు, వాడ చూసి పెడతాడు. కానీ కోర్టులో ఈ ప్రశ్న వస్తుందని తెలిసి తయారుగా ఉండాలి. ఈ దారి మూసుకున్నా మిగతా దారులు వాళ్ళకు మూసుకుపోవు.

పై మూడింటికీ తోడు: హైకోర్టు

ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడాల్సిన ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు. ఇందిరాగాంధీ హత్య తర్వాత 1984లో కోయంబత్తూరులో సిక్కుల దుకాణాలు, ఇళ్ళు తగలబెట్టిన కేసులో మద్రాసు హైకోర్టు 1989లో రాష్ట్ర ప్రభుత్వం చేత పరిహారం ఇప్పించింది. ప్రాథమిక హక్కులకు భంగం కలిగితే రాజ్యమే పరిహారం కట్టాలని 1993లో నీలబతి బెహెరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖర్చు భయం అక్కర్లేదు. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయసహాయం అడిగే హక్కుంది.

మొదటి ఏడు రోజులు

ఫిర్యాదు బాధితుల మాటల్లోనే రాయాలి. ఎవరిని చూశారో, ఎప్పుడు, దానికి ముందు ఏ గొడవ నడుస్తోందో రాయాలి. భూమి, కూలి, పెళ్ళి, గుడి, విగ్రహం, ఏదైనా సరే. నోటితో చెప్పింది రాసుకుని చదివి వినిపించడం పోలీసు అధికారి విధి. ఆ విధి తప్పితే చట్టంలోని 4వ సెక్షన్ కింద అది నేరం. స్టేషన్లో తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. దానిలో సెక్షన్లు చూడకుండా ఇంటికి రాకూడదు. దర్యాప్తు డిఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి.

పంచనామా రాసేటప్పుడు వాడలో చదువుకున్న ఇద్దరు పక్కనుండాలి. ఇల్లు ఏ రకం, ఎన్ని గదులు, ఏ సామాను, ఎన్ని పశువులు అన్నవి ఇంటింటికీ రాయించాలి. చనిపోయిన పశువును పూడ్చకముందే పశువైద్యుడి చేత సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆడవాళ్ళ పేరు మీదున్న ఇంటిని ఆడవాళ్ళ పేరుతోనే రాయించాలి. ఒకే కప్పు కింద రెండు కాపురాలుంటే రెండు కుటుంబాలుగా రాయించాలి. బియ్యానికీ డబ్బుకీ సంతకం పెట్టేముందు పైన ఏం రాసి ఉందో చదవాలి. 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉంటే దాన్ని కొట్టేయించాలి, లేదా 'తక్షణ సహాయం మాత్రమే' అని రాసి సంతకం పెట్టాలి.

కారణం ఇంకా తేలకపోతే 'ప్రమాదం' అని ఒప్పుకోవద్దు. 'కారణం విచారించాలి' అని రాయించండి. ఎనిమిది వేలు తీసుకోవడం తప్పు కాదు, ఆకలికి అది కావాలి. కానీ ఆ ఎనిమిది వేలు మొదటి వాయిదా మాత్రమేనన్న ఎరుక ఉండాలి. కాలిన ఇంటికి బదులు ఇటుక ఇల్లు అడగడం అత్యాశ కాదు. తాటాకు కింద బతకమని ఎవరూ ఏ చట్టంలోనూ రాయలేదు. ఇటుక ఇల్లు కట్టించమని మాత్రం ఒక చట్టంలో రాసి ఉంది. అమలు చేయించడమే మిగిలింది.